విన్‌స్టన్ మీద రాని జాలి కాట్నిస్ మీద ఎందుకొస్తుంది?

బెంగళూరులో మీ తెలుగు చదువరుల గుంపు నిరంకుశ పాలనకు ఎదురుతిరిగేవాళ్ళ నవలలు ‘1984’, ‘హంగర్ గేమ్స్’ రెండూ చదివితే, అందరూ రెండో దాని నాయిక కాట్నిస్ వైపే మొగ్గి, మొదటి దాని నాయకుడు విన్‌స్టన్‌ని “వీడేం హీరో” అనేశారని రాశారు. వచ్చే ఆదివారం కబ్బన్ పార్కులో మళ్ళీ ఇదే చర్చ, ఎలా పోల్చాలి అని అడిగారు.

ముందు “శభాష్”ని, “అయ్యో పాపం”ని విడదీయండి. తిరగబడ్డవాళ్ళకి శభాష్ సులువుగా దక్కుతుంది. పాపం అనిపించాలంటే వాళ్ళు ఎవరి కోసం దిగారో, దానికి ఎవరు బలయ్యారో తెలియాలి.

కాట్నిస్ విషయంలో ఇది మొదటి రెండు అధ్యాయాల్లోనే తేలిపోతుంది. 16 ఏళ్ళ పిల్ల, తండ్రి గని పేలుడులో పోయాడు. ఇంట్లోకి గింజలు, నూనె వస్తాయని, ఒకరినొకరు చంపుకునే ఆటకు పిల్లల్ని ఎంచే చీటీల్లో తన పేరు 20 సార్లు పడేలా చేసుకుంది. తీరా వచ్చిన చీటీ 12 ఏళ్ళ చెల్లెలు ప్రిమ్‌ది, ఒక్కసారే పేరు పడ్డ పిల్లది! వ్యవస్థని కూల్చాలని కాదు, చెల్లి బదులు వెళ్ళింది. పైగా కథంతా “నేను” అంటూ అప్పటికప్పుడు జరుగుతున్నట్టే నడుస్తుంది. పక్కకు జరిగి తీర్పు చెప్పడానికి మనకు చోటు మిగలదు. సినిమా చూసి పోల్చేవాళ్ళు ఇక్కడే తప్పిపోతారు, ఎందుకంటే అందులో ఆమెకు కనబడని, ఆట నడిపించే కంట్రోల్ రూమ్ కూడా మనకు కనబడుతుంది.

విన్‌స్టన్‌కి 39 ఏళ్ళు, చీలమండ పైన మానని పుండు. పాత పత్రికలు దిద్ది అబద్ధాలు చేయడం ఉద్యోగం, ఆ పని అతనికి ఇష్టం కూడా. రెండో భాగం 8వ అధ్యాయంలో, అవసరమైతే చిన్నపిల్లల మొహం మీద యాసిడ్ పోస్తావా అని, రహస్య తిరుగుబాటుదారుడని తను నమ్మిన అధికారి ఓబ్రియన్ అడిగితే పోస్తానంటాడు. చాలామంది పాఠకులు అతన్ని వదిలేసేది అక్కడే. వదలడం తొందరపాటని నా అభిప్రాయం.

దానికి ముందున్న 7వ అధ్యాయం తీయండి. చిన్నప్పుడు రేషన్‌లో వచ్చిన 2 ఔన్సుల చాక్లెట్‌లో ముప్పావు భాగం తల్లి అతనికే ఇస్తుంది. చెల్లెలి చేతిలోని ముక్క కూడా లాక్కుని పారిపోతాడు. తిరిగొచ్చేసరికి తల్లీ చెల్లీ ఇద్దరూ లేరు. ఆ పూట ఇవ్వడానికి ఇంకేమీ లేక తల్లి బిడ్డను దగ్గరికి హత్తుకుందే, ఆ హత్తుకోవడమే మనిషితనమని అతనికి ఇన్నేళ్ళకు అర్థమవుతుంది. అది అర్థమైన మనిషే తర్వాతి అధ్యాయంలో యాసిడ్‌కి ఒప్పుకుంటాడు. మూడో భాగంలో అతన్ని చిత్రహింసలు పెట్టే ఓబ్రియన్ ఆ మాటల రికార్డింగే వినిపించి అతని నోరు మూయిస్తాడు. నాకు చిత్రహింసల కన్నా ఇదే ఎక్కువ గుండె పిండేస్తుంది.

కాబట్టి ఈ రెండు అధ్యాయాల్నీ వరసగా పైకి చదివించి, అప్పుడు అభిప్రాయం అడగండి. కాట్నిస్ వైపు దీనికి జోడీ మొదటి పుస్తకంలో దొరకదు, 2010 నాటి మూడో పుస్తకం ‘మాకింగ్‌జే’ చివర్లో ఉంది. పాలకుల నగరమైన క్యాపిటల్ పిల్లలతో ఇంకొక్క ఆట ఆడిద్దామా అన్న ఓటులో ఆమె “ప్రిమ్ కోసం” అంటూ సరేనంటుంది. మనస్ఫూర్తిగానా, తిరుగుబాటు నాయకురాలు కాయిన్‌ని నమ్మించడానికా? గంట వాదించుకోవచ్చు. మొదటి పుస్తకపు కాట్నిస్‌ని పూర్తి విన్‌స్టన్‌తో తూకం వేస్తే మాత్రం త్రాసు ముందే ఒరిగి ఉంటుంది.

మూడో మనిషి కావాలంటే ‘ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్’లో పెద్దల ఇంట పిల్లల్ని కనడానికే బందీగా ఉంచిన ఆఫ్రెడ్‌ని తీసుకోండి. తెగువంతా స్నేహితురాలు మోయిరాది, ఈమెది చెప్పుకోవడం మాత్రమే. చివర 2195లో ప్రొఫెసర్లు ఆమె క్యాసెట్ల మీద జోకులేసుకునే భాగాన్ని దాటేయకండి. మనకు ఆమె మీద ఉన్న జాలి ఎంత గట్టిదో ఆ నవ్వులప్పుడు తెలుస్తుంది. ‘ఫారెన్‌హీట్ 451’లో పుస్తకాలు తగలబెట్టే ఉద్యోగం మీద తిరగబడ్డ మాంటాగ్‌కి శభాష్ చవగ్గా దొరికిందనుకుంటాను. మొదట్లోనే నిద్రమాత్రలు మింగేసిన అతని భార్య మిల్డ్రెడ్‌ని ఎవరూ తలుచుకోరు.

‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ కూడా కలుపుతారా? చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్ కాపీ కొంటే 21 అధ్యాయాలున్నాయో లేదో లెక్కపెట్టండి. 1986కి ముందు అమెరికన్ ముద్రణల్లో హింసే సరదాగా బతికిన కుర్రాడు అలెక్స్ మారడం మొదలయ్యే ఆఖరి అధ్యాయం లేదు. అది చదివినవాళ్ళూ చదవనివాళ్ళూ ఒకే మనిషి గురించి మాట్లాడరు.

అందరి దగ్గరా ఒకే ముద్రణ ఉండదు కనక పేజీలు కాదు, భాగం, అధ్యాయం అంకెలే గ్రూపులో పెట్టండి. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్‌లో వచ్చేవాళ్ళు చాక్లెట్ అధ్యాయం మెట్రోలోనే మరోసారి చదివేసుకోవచ్చు.