కారు కోసం శనాదివారాలు పోతున్నాయి

ప్రశ్న: మాది హైదరాబాద్, మియాపూర్. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు లక్షా అరవై వేలు వస్తుంది. ఫ్లాట్ కిస్తీ 43 వేలు. మా అక్కావాళ్లు పెద్ద కారు కొన్నప్పటి నుంచి ఈయనా 25 లక్షల కారు కొంటానని పట్టుబట్టారు. అందులో 20 లక్షలు లోన్. కిస్తీకి పనికొస్తుందని ఆర్నెల్లుగా శని, ఆదివారాలు బయటి ప్రాజెక్టు చేస్తున్నారు. దానికి నెలకు 40 వేలు ఇస్తున్నారు. ఏడేళ్ల బాబుతో మాట్లాడే తీరిక లేదు. అడిగితే ‘ఇదంతా మీ కోసమేగా’ అంటారు. నేనే ఎక్కువ ఆశిస్తున్నానా?

జవాబు: లేదమ్మా. మీరు అడుగుతున్నది న్యాయమే. అయితే దాన్ని మీవారికి లెక్కలోనే చూపించాలి.

20 లక్షలకు 9 శాతం వడ్డీతో ఐదేళ్ల లోన్ అంటే నెలకు దాదాపు 41,500. ఇన్సూరెన్స్, డీజిల్, సర్వీసింగ్‌కు మరో 12 వేలు వేసుకోండి. మొత్తం 53,500. నెలంతా శనాదివారాలు ధారపోసినా వచ్చేది 40 వేలే, మిగతాది జీతంలోంచి తీయాలి. ఐదేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే 4.9 లక్షలు, అంటే ఏడాది పొడుగునా సెలవు రోజుల్లో చేసిన పని మొత్తం బ్యాంకుకే. అసలు ఆ కారెక్కి మీరు ముగ్గురూ తిరగాల్సింది కూడా ఆ శనాదివారాల్లోనే కదా!

ఈ లెక్క మీరు చదివి వినిపిస్తే గొడవవుతుంది. ఆదివారం పొద్దున్నే, బాబు లేవకముందు, కాఫీ దగ్గర కాగితం ఇచ్చి ఆయన చేతే వేయించండి. రాత్రి లాప్‌టాప్ మూసే వేళ వద్దు. బాబు పేరెత్తి మొదలుపెట్టొద్దు, నింద వేసినట్టు వినిపిస్తుంది. తోడల్లుడి కారు చూసినప్పుడు ఏమనిపించిందో అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినండి. అత్తారింట్లో చిన్నచూపు పడ్డ బాధ ఉంటే అది ఏ కారుతోనూ తీరదు. మీవాళ్లలో ఎవరైనా పోల్చి మాట్లాడుతుంటే ఆపాల్సింది మీరే.

‘మాకు టైమివ్వండి’ అంటే ఎంతివ్వాలో ఆయనకు అర్థం కాదు. ఆదివారం పూర్తిగా, బుధవారం రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా అని గీత గీసి అడగండి. మొదటి రెండు మూడు వారాలు ఆయన ఫోన్ చూస్తూ కూర్చుంటారు, బాబు టీవీ దగ్గరికి పోతాడు. నిరాశపడకండి. ఇద్దరికీ కలిపి ఒక పని అప్పజెప్పండి: సైకిల్ చైన్‌కు నూనె వేయడం, పెనం మీద దోసెలు పోయడం. హోంవర్క్ మాత్రం వద్దు, అది తిట్లలోకి దిగుతుంది.

కారు వద్దని కొట్టిపారేయకండి. మూడు నెలలు జీతం పడ్డ రోజే 53,500 వేరే ఖాతాలో వేయమనండి, ప్రాజెక్టు డబ్బు ముట్టకుండా. ఫ్లాట్ కిస్తీ పోను మిగిలే 63,500తో స్కూలు ఫీజుతో సహా ఇల్లు గడిస్తే నిక్షేపంగా కొనుక్కోవచ్చు. గడవకపోతే 8 లక్షల లోన్‌తో వచ్చే బండి చూసుకోండి, కిస్తీ 16,600 అవుతుంది. డౌన్ పేమెంట్ కోసం ఆర్నెల్ల ఇంటి ఖర్చుకు దాచిన డబ్బు తీయొద్దు.

ఇంకొక మాట. చాలా కంపెనీల ఒప్పందాల్లో బయటి పని చేయకూడదనే షరతు ఉంటుంది, ఆయన్ని ఒకసారి చూసుకోమనండి. అలాంటి అడ్డేమీ లేకపోతే, ఒప్పుకున్న ప్రాజెక్టును మధ్యలో వదిలేయమని పట్టుబట్టకండి. అది ముగిసే తేదీ క్యాలెండర్ మీద ఆయన చేతే రాయించండి. కొత్తది ఒప్పుకునే ముందు మీతో ఒక మాట చెప్పాలని ఇప్పుడే అనుకోండి.