ఏలియన్లు తగ్గేకొద్దీ వేగం పెరుగుతోంది, ఎందుకు?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో మేమ్ ఎమ్యులేటర్ (పాత ఆర్కేడ్ ఆటల్ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్) వేసి, ఏలియన్ల దండుని కాల్చే స్పేస్ ఇన్వేడర్స్ ఆడుతున్నాను. మొదట్లో ఏలియన్లు మెల్లగానే కదులుతాయి. చంపేకొద్దీ స్పీడ్ పెరిగిపోయి, చివరిదాన్ని కొట్టాలంటే టెన్షన్ వచ్చేస్తోంది. ల్యాప్‌టాప్ కొత్తది కావడం వల్లా ఇది? ఏ సెట్టింగ్ మార్చాలి?

జవాబు: ఏదీ మార్చకండి. 1978లో జపాన్‌లో టైటో కంపెనీ ఈ ఆటను తెచ్చినప్పుడు కూడా ఇది ఇలాగే నడిచింది.

దీన్ని తయారుచేసిన తొమోహిరో నిషికాడో వాడింది 2 మెగాహెర్ట్జ్ ఇంటెల్ 8080 ప్రాసెసర్. తెర మీదేమో 5 వరుసల్లో 55 ఏలియన్లు. అన్నిటినీ ఒకేసారి జరిపే ఓపిక ఆ చిప్‌కి లేదు. అందుకే ఫ్రేముకి, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, ఒక్క ఏలియన్ చొప్పున జరుపుతుంది. సెకనుకి 60 ఫ్రేములు కాబట్టి 55 ఉన్నప్పుడు దండు మొత్తం ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. పది మిగిలితే అందులో ఆరో వంతు చాలు. ఒక్కటే మిగిలిందా, ప్రతి ఫ్రేములోనూ దానిదే వంతు! ఈసారి ఆట మొదట్లో కాల్చకుండా కాసేపు చూడండి. కదలిక కింది వరుసలో మొదలై, అలలా పైకి పాకుతూ కనిపిస్తుంది.

ఇలా వేగం పెరగడాన్ని నిషికాడో సరిచేయకుండా కావాలనే వదిలేశారు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ నిర్ణయమే. గుండె కొట్టుకున్నట్టు వినిపించే ఆ నాలుగు స్వరాల శబ్దం కూడా ఏలియన్లు తగ్గేకొద్దీ జోరందుకుంటుంది. మీకొచ్చే టెన్షన్‌లో సగం దానిదే.

ఆట మొదటి నుంచే పరుగులు పెడుతుంటే మాత్రం అది ఎమ్యులేటర్ సంగతి. ఎఫ్11 నొక్కితే స్పీడ్ కనిపిస్తుంది, 100 శాతం దగ్గర ఉండాలి. అంతకు బాగా మించితే ఎఫ్10 ఒకసారి నొక్కండి, వేగానికి కళ్లెం పడుతుంది.

ఇక ఆ చివరి ఏలియన్ సంగతి. అది కుడివైపు వెళ్లేటప్పుడు అడుగుకి 3 పిక్సెళ్లు, ఎడమవైపు 2 పిక్సెళ్లు జరుగుతుంది. అంటే ఎడమకి తిరిగినప్పుడే కొట్టడం తేలిక. మీరు కాల్చిన గుండు తెర మీద ఉన్నంతసేపూ ఇంకోటి కాల్చలేరు కాబట్టి తొందరపడి వృథా చేయకండి. అది రాబోయే చోటికి గురిపెట్టి, ఒక్కటే కాల్చండి.