స్పాన్సర్ దొరికాడని సంబరపడుతున్న నా శిష్యుడికి

బిడ్డా,

నీ మెసేజ్ రాత్రి పడుకునే ముందు చూశాను. మీ కంపెనీ మన ఊరి పిల్లల ఆటలకు 3 లక్షలు ఇస్తానందని, సంక్రాంతికి పెద్ద కబడ్డీ టోర్నమెంట్ పెడదామని, 40 మంది ఆఫీసు వాళ్లు హైదరాబాద్ నుంచి బస్సేసుకుని వలంటీర్లుగా వస్తారని రాశావు. సంతోషమే. సున్నం గీతల మీద చెప్పుల్లేకుండా ఉరికినోడివి, ఇవాళ ఊరికి డబ్బు ఇప్పించే కాడికి వచ్చావు. కానీ నాకు నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే సార్, సరే సార్" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా, పొడుగైనా ఓపిగ్గా చదువు.

టోర్నమెంట్ పెట్టకు.

ఎందుకంటున్నానో నా సంగతి చెప్తా, నువ్వు అప్పటికి ఇంకా మా బడిలో చేరలేదు. ప్లాట్లు అమ్మే ఒకాయన "సార్, ఖర్చంతా నాదే, మీరు పిల్లల్ని జమ చేయండి" అన్నాడు. నమ్మాను. ఏప్రిల్ నెల. 9 గంటలకు మొదలు కావాల్సిన మ్యాచ్ చీఫ్ గెస్ట్ కోసం పదకొండున్నర దాకా ఆగింది. హాస్టల్ ఆడపిల్లల్ని పూలగుత్తులు పట్టించి ఎండలో వరసగా నిలబెట్టారు, ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. జెర్సీలన్నీ పెద్దోళ్ల సైజులే వచ్చాయి, 8వ తరగతి పిల్ల వేసుకుంటే మోకాళ్ల కిందికి గౌనులా వేలాడింది, కాలికి తట్టుకుని ఆడలేక మధ్యలోనే బయటికి వచ్చేసింది. ఫ్లెక్సీలు మాత్రం బస్టాండ్ దాకా కట్టించాడు. తర్వాత సగం డబ్బే ఇచ్చి, మిగతాది రేపు మాపు అంటూ తిప్పాడు. టెంట్ హౌస్ అతను మా ఇంటి చుట్టూ తిరుగుతుంటే ఇంట్లో మొహం చూపించలేక చిట్టీ పాడి కట్టాను. మీ మేడమ్ ఇప్పటికీ దెప్పుతుంది.

పోనీ పిల్లలకేమైనా మిగిలిందా అంటే, గ్రౌండ్‌లో గుంజలు పాతిన గుంతలు, వాటర్ ప్యాకెట్లు. వారం తర్వాత ప్రాక్టీస్‌కి బంతి లేదు.

అందుకే నీ 3 లక్షల్ని 12 నెలలకు పంచు. నెలకు 25 వేలు. అందులో 12 వేలు పొద్దున సాయంత్రం వచ్చే కోచ్‌కి ఇవ్వు, మన ఊళ్లోనే బీపీఈడీ (ఆటల టీచర్ చదువు) చేసి ఖాళీగా ఉన్న పోరలున్నారు, వెతకాల్సిన పని లేదు. 30 మంది పిల్లలకు నెలకు 24 రోజులు, రోజుకో గుడ్డు, 7 రూపాయల చొప్పున వేసుకుంటే 5 వేల చిల్లర అవుతుంది. మిగిలిన 8 వేలకు కొంచెం తక్కువలో నానబెట్టిన శనగలు, సున్నం, బంతులు, మందుల డబ్బా, పోటీలకు పోతే ఆటో ఖర్చులు. చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు, ఫొటోకి అసలే బాగుండదు. కానీ ఏడాది పాటు రోజూ వచ్చిన పిల్ల ఒంట్లో వచ్చే తేడా ఉంటుంది చూడు, అది నీకు తెలుసు, నువ్వూ అట్లనే వచ్చావు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ హెచ్‌ఆర్ వాళ్లని ముందు ఒక్క మాట అడుగు, ఈ డబ్బు ఏ జేబులోంచి వస్తోందని. కంపెనీకి రెండు జేబులుంటాయి. ఒకటి ప్రచారం ఖర్చు, అది వాళ్లిష్టం, లోగో వేసుకుంటారు, ఫ్లెక్సీ కట్టుకుంటారు. రెండోది సీఎస్ఆర్, అంటే కంపెనీ సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ అని ఉంది, నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1000 కోట్లో, లాభం 5 కోట్లో, ఈ మూడింట్లో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ ముందటి 3 ఏళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. దేనికి పెట్టొచ్చో చెప్పే 7వ షెడ్యూల్లో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న ఆటలు, ఒలింపిక్, పారాలింపిక్ ఆటలు ఉన్నాయి. అయితే అక్కడ రాసింది 'శిక్షణ' అని. 2014 జూన్‌లోనే కేంద్రం ఒక సర్క్యులర్ ఇచ్చింది, మారథాన్లు, అవార్డుల లాంటి ఒక్కరోజు తంతులు సీఎస్ఆర్ కిందికి రావని. మా సరుకుకి ప్రచారం కావాలని ఇచ్చే స్పాన్సర్‌షిప్ కూడా రాదని రూల్స్‌లో స్పష్టంగా ఉంది. అంటే నేను చెప్పే ఏడాది ప్రాక్టీస్‌కే మీ కంపెనీ రూలు కూడా ఒప్పుతుంది. ఈ మాట మీ పై ఆఫీసర్‌కి చెప్పు, టోర్నమెంట్ ఆలోచన వాళ్లే మానుకుంటారు.

ఇంకో చిక్కుంది. మన యువజన సంఘానికి ఆ డబ్బు నేరుగా రాదు. రిజిస్ట్రేషన్ అయితే ఉంది, ఏడుగురు కలిసి సంతకాలు పెడితే సొసైటీ అయిపోతుంది, అది పెద్ద పనేం కాదు. కానీ సీఎస్ఆర్ డబ్బు తీసుకోవాలంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు సేవా సంస్థలకిచ్చే 12ఏ, 80జీ అనే గుర్తింపులు ఉండాలి, అలాంటి పని 3 ఏళ్లు చేసిన చరిత్ర ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 అనే ఫారం నింపి నంబర్ కూడా తీసుకోవాలి. మనకు ఇవేవీ లేవు. ఎవరో బ్రోకర్ వచ్చి "నా ట్రస్ట్ పేరు మీద తిప్పుతా, 20 శాతం ఇవ్వండి" అంటాడు, వాణ్ణి గడప తొక్కనివ్వకు. కంపెనీ తనే నేరుగా ఖర్చు పెట్టుకోవచ్చు, దానికి అడ్డేమీ లేదు. కోచ్ జీతం వాళ్లే వేస్తారు, మ్యాట్లు, బంతులు వాళ్ల పేరు మీద బిల్లు వేయించి బడికి ఇస్తారు. మన చేతికి డబ్బే రాకపోతే మన మీద మాటే రాదు. ఊళ్లో సంఘం ఎందుకు చీలిపోయిందో నీకు నేను చెప్పాలా?

ఊరి వాళ్లు ఇచ్చే చిన్న చందాలకు మాత్రం బ్యాంకు ఖాతా పెట్టు, ఇద్దరి సంతకాలుండాలి. నెల నెలా లెక్క రాసి బడి నోటీస్ బోర్డు మీద అంటించు, 350 రూపాయల సున్నం బిల్లుతో సహా. ఎవరూ చదవరు. అయినా అంటించు.

ఇక ఆ 40 మంది. నిజం చెప్పాలంటే నాకు డబ్బు కంటే వీళ్ల మీదే ఆశ ఎక్కువ, భయం కూడా వీళ్లతోనే. బస్సు దిగుతారు, ఒకే రంగు టీషర్టులు, మొక్కలు నాటుతారు, పిల్లలతో సెల్ఫీలు, సాయంత్రానికి పోతారు. పిల్లలు మాత్రం తర్వాతి ఆదివారం కూడా రోడ్డు వైపు చూస్తుంటారు, "అక్క వస్తనన్నది సార్" అని. అది చూడలేం బిడ్డా. కాబట్టి 40 మందిని కాదు, నలుగురిని తీసుకురా. నెలకు రెండు ఆదివారాలు, పొద్దున 6 నుంచి 8 దాకా, ఆరు నెలలు మానకుండా వచ్చేవాళ్లని. అంత దూరం నుంచి కష్టమంటే మడికొండ ఐటీ పార్కులో పనిచేసే మన పిల్లల్ని అడుగు, వాళ్లకు గంట దారి.

వచ్చాక వాళ్లతో కబడ్డీ నేర్పించకు, వాళ్లకు రాదు. వాళ్లకొచ్చిన పని చేయించు. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ఉంది కదా, కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో కూడా ఉన్నాయి, 4వ తరగతిలో చేర్చుకుంటారు. స్టాండింగ్ బ్రాడ్ జంప్, షటిల్ రన్, 800 మీటర్ల పరుగు లాంటి పరీక్షలు పెడతారు. మన ఊళ్లో కైకిలికి పోయే తల్లులకు ఆ సంగతే తెలియదు, తెలిసేసరికి తేదీ అయిపోతుంది. మీ ఆఫీసు వాళ్లు ఎక్సెల్ షీట్లో పుట్టరు కదా, కానీ బతుకంతా అందులోనే, ప్రతి పిల్లకు ఒక వరస పెట్టి ఎత్తు, బరువు, పరుగు టైమ్ నెలకోసారి రాయమను. పుట్టిన తేదీ కాగితంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటుంది, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్స్ రోజు పొద్దున అది బయటపడి ఎంతమంది పిల్లల్ని వెనక్కి తోలుకొచ్చానో నాకే లెక్క లేదు. ఆ కాగితాలు సరిచేయించే ఒక్క వలంటీర్ ఉంటే చాలు, బంగారం.

మన క్రీడా ప్రాంగణం బోర్డు 2022లో పెట్టారు. లాంగ్ జంప్ గుంతలో ఇప్పుడు తుమ్మ మొక్కలున్నాయి. శుభ్రం చేయించే ముందు పంచాయతీ కార్యదర్శికీ, హెడ్‌మాస్టర్‌కీ కాగితం రాసి అనుమతి తీసుకో, డీవైఎస్ఓ (జిల్లా యువజన, క్రీడల అధికారి) ఆఫీసులో ఒక కాపీ ఇవ్వు. నోటి మాట వద్దు, సర్పంచ్ మారితే మాట మారుతుంది.

పిల్లల భద్రత విషయంలో మొహమాటం అస్సలు పెట్టుకోకు. ఎంత పెద్ద హోదా వాడైనా సరే, పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, ఆడపిల్లలున్న చోట లేడీ టీచరో ఎవరి తల్లో ఉండాలి. పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోవడం, కార్లో ఒక్కరినే దింపడం, విడిగా మెసేజ్‌లు పెట్టడం కుదరదని మొదటి రోజే చెప్పు. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ గోడ మీద పెద్దగా రాయించు, పిల్లలకు చదివి వినిపించు. నొచ్చుకున్నవాళ్లు నొచ్చుకోనీ, మంచివాళ్లు నొచ్చుకోరు. ఫొటో కావాలంటే అమ్మానాన్న సంతకం ఉండాలి, 'పేద బాలిక' అని కింద రాసి కంపెనీ పేజీలో పెడితే మాత్రం నేను ఊరుకోను.

నువ్వు మొదలుపెట్టావని తెలిస్తే హన్మకొండ నుంచి ఇంకొందరు స్పాన్సర్లు వస్తారు. హాస్పిటల్ వాళ్లు, బైక్ షోరూమ్ వాళ్లు, రైస్ మిల్లు వాళ్లు, తీసుకో, తప్పు లేదు. వైన్స్ వాళ్లు, గుట్కా వాళ్లు వద్దు. బెట్టింగ్ యాప్ పేరెత్తినవాడిని కూర్చోనివ్వకు, తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది, 2025లో కేంద్రం చట్టం తెచ్చాక ఇండియా క్రికెట్ జట్టు జెర్సీ మీది యాప్ పేరే పోయింది. ఇంటర్ కాలేజీల వాళ్లతో జాగ్రత్త, కిట్లు ఇస్తామని వచ్చి టెన్త్ పిల్లల ఫోన్ నంబర్ల లిస్టు అడుగుతారు, అడ్మిషన్ల కోసం. ఒకసారి నేనే తెలియక ఇచ్చాను, ఆ వేసవంతా తల్లిదండ్రులు నన్ను తిట్టుకున్నారు. ఎలక్షన్ ఏడాదిలో వచ్చే కిట్ల గురించి చెప్పనే అక్కర్లేదు.

మీ కంపెనీ రిపోర్ట్ అడుగుతుంది. 'ఎంతమంది లబ్ధిదారులు' అని గడి ఉంటుంది, 30 అని రాస్తే మీ మేనేజర్‌కి చిన్నగా కనిపిస్తుంది, 300 చేయమంటాడు. చేయకు. పత్తి ఏరే రోజుల్లో ఆ 30 కూడా 18కి పడిపోతుంది, ఆడపిల్లలే ముందు మానేస్తారు. ఉన్నదున్నట్టు రాయి. వీలైతే ఆ రెండు నెలలు ప్రాక్టీస్‌ని పొద్దున 5:30కి మార్చు, చేనుకి పోయే ముందు గంట దొరుకుతుంది.

పర్వతగిరి మండలం కల్లెడ మనకు ఎంత దూరమని! అక్కడి ఆర్‌డీఎఫ్ (రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్) బడిలో చదివిన ప్రణీత విలువిద్యలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి పోయింది. అదే ఊరి జీవాంజి దీప్తి 2024లో జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ టీ20 విభాగంలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి అప్పటికి ప్రపంచ రికార్డు పెట్టింది, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ పిల్ల ఉరుకుడు ముందు కనిపెట్టింది బడిలో ఆటల సారు. తర్వాత కోచ్ నాగపురి రమేష్ గారు తీర్చిదిద్దారు, గోపీచంద్-మైత్రా ఫౌండేషన్ వాళ్లు వెనక నిలబడ్డారు. ఫ్లెక్సీలన్నీ పతకం వచ్చాకే కట్టారు. మొదట చూసేవాడు, తర్వాత నేర్పేవాడు, ఆ మధ్యలో తిండికీ బూట్లకూ ఆగకుండా డబ్బు పెట్టేవాడు, ఈ వరసలో మీ కంపెనీ మూడోవాడు. ముందుకొచ్చి నిలబడతానంటే వెనక్కి జరగమని మర్యాదగా చెప్పు, నువ్వు చెప్తేనే వింటారు.

వచ్చే ఆదివారం పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి రా, నేను 6 గంటలకే నడకకు వస్తా. కంపెనీ వాళ్లు పంపిన కాగితం ప్రింట్ తీసుకురా, ఫోన్లో చూపిస్తే నాకు కనబడదు. అక్కడి నుంచి ఊరికి పోదాం, కోర్టు కొలుద్దాం, 50 మీటర్ల టేపు నా దగ్గరే ఉంది. స్టాప్‌వాచ్ బ్యాటరీ అయిపోయింది, వచ్చేటప్పుడు చౌరస్తాలో ఒకటి వేయించుకుని రా.

మీ సారు