‘సాంకేతిక సవరణ’ అనవచ్చునా?

సందేహం: వేరే దేశపు చట్టం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘అంతర్జాతీయ నేర న్యాయ చట్టానికి స్వల్ప సాంకేతిక సవరణలు’ అని రాశాను. చదివిన మిత్రుడు ‘కంప్యూటర్లేమైనా మార్చారా?’ అన్నాడు. అసలు ‘సవరణ’ వద్దు, ‘దిద్దుబాటు’ అనాలన్నారు ఇంకొకరు. ఏది సరి?
– ఒక న్యాయవాది, చిత్తూరు

సమాధానం: మీ మిత్రుడి మాట కొట్టిపారేయదగింది కాదు. సంకేతం అంటే కొందరు తమలో తాము ఒప్పుకున్న గుర్తు. వ్యాకరణానికీ వైద్యానికీ కూడా సాంకేతిక పదాలున్నాయి, వాటిలో యంత్రాల ఊసే లేదు. అయితే ‘సాంకేతిక విద్య’, ‘సాంకేతిక లోపం’ వాడుకలో పాతుకుపోయాక ఆ మాట వినగానే మనసు యంత్రం వైపే పోతోంది. శబ్దం తప్పు కాకపోయినా మీ వాక్యంలో దాన్ని నేనైతే ఉంచను.

ఇక సవరణ. జుట్టు సవరించుకుంటాం, గొంతు సవరించుకుంటాం. ఉన్నదాన్ని చక్కబెట్టడమే అందులోని అర్థం. మీరు ‘సవరణ దస్తావేజు’ రాయించే ఉంటారు. సర్వే నంబరులో అంకె తారుమారైతే రాసుకునేది అదే కదా. భూమి చేతులు మారదు, రాత మాత్రం సరిపడుతుంది. అదే మాట ‘రాజ్యాంగ సవరణ’లో చేరేసరికి హక్కుల్నే మార్చగలిగేంత బరువెక్కింది. తిరుపతిలో లా చదివే పిల్లలు తికమకపడేదీ ఇక్కడే.

దిద్దుబాటుకూ సవరణకూ ఉన్న తేడాకు మీ విషయంలోనే మంచి ఉదాహరణ ఉంది. అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి ఆధారమైన అంతర్జాతీయ ఒప్పందం, రోమ్ శాసనం, 1998 జులై 17న ఆమోదం పొందింది. అరబిక్, చైనీస్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్ పాఠాలు ఆరింటికీ సమాన ప్రామాణ్యం. ఆరు భాషల్లో రాసినచోట రాతతప్పులు దొర్లకుండా ఉంటాయా? 1998 నవంబరు నుంచి 2002 జనవరి దాకా ఆరుసార్లు పాఠాన్ని సరిచేశారు. అవి దిద్దుబాట్లు. 2010లో ఉగాండా రాజధాని కంపాలాలో జరిగిన సమావేశంలో దురాక్రమణ నేరానికి నిర్వచనం చేర్చారు. అది సవరణ.

మార్పు చిన్నదో పెద్దదో అక్షరాలు లెక్కపెట్టి తేల్చకండి. ‘అంతర్జాతీయ నేర న్యాయస్థానం’లో ‘నేర’ జారిపోతే అది ‘అంతర్జాతీయ న్యాయస్థానం’ అవుతుంది. రెండూ హేగ్ నగరంలోనే ఉన్నాయి. మొదటిది వ్యక్తుల్ని విచారిస్తుంది, రెండోది దేశాల మధ్య తగవులు తీరుస్తుంది. పత్రికల్లో ఈ పొరపాటు కనబడినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ‘నిందితుణ్ణి అప్పగించవచ్చు’ అన్నది ‘అప్పగించాలి’ అయితే? మారింది క్రియ చివర కొన్ని అక్షరాలే, కానీ ఒక మనిషి స్వేచ్ఛ వాటి మీదే ఆధారపడి ఉంది. అలాంటిదాన్ని ‘స్వల్పం’ అన్న శీర్షిక కింద పెట్టకూడదు.

మీ మూలాన్ని ఈ కంటితో ఇంకోసారి చూడండి. మారినవి సెక్షన్ల సంఖ్యలు, సంస్థల పేర్లు, అచ్చుతప్పులు మాత్రమే అయితే స్వల్పమనడంలో తప్పు లేదు. చట్టసభ ఆమోదంతో చేసినవి కనుక దిద్దుబాట్లు అనలేం, సవరణలే. ‘చట్టంలోని పదాలకు, సెక్షన్ల సంఖ్యలకు స్వల్ప సవరణలు’ అని రాయండి. ‘సాంకేతిక’ను వదిలేయండి.