టెక్ సందేహాలు: రాసుకున్నది అవసరానికి దొరకాలంటే

నవల రాస్తున్నాను. ఆలోచనలు కొన్ని వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్న మెసేజ్‌లలో, కొన్ని గూగుల్ కీప్‌లో ఉన్నాయి. అధ్యాయాలన్నీ ఒకే వర్డ్ ఫైల్‌లో ఉన్నాయి. కావాల్సినప్పుడు ఏదీ దొరకదు. ఏ యాప్‌కి మారమంటారు?
– వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

ఇప్పుడే ఏ యాప్‌కీ మారకండి. తట్టిన ఆలోచనను చేతికందిన చోట రాసుకోవడంలో తప్పు లేదు. అది అక్కడే పడి ఉండటంతోనే చిక్కు. వారానికి ఓ అరగంట పెట్టుకుని అన్నిటినీ ఒకే ఫైల్‌లోకి దింపండి. దానికి 'గంప' అని పేరు పెట్టినా చాలు.

వాట్సాప్‌లో మీ చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి 'మోర్', 'ఎక్స్‌పోర్ట్ చాట్', 'వితౌట్ మీడియా' అని వెళ్తే మొత్తం ఒక టెక్స్ట్ ఫైల్‌గా వస్తుంది. ప్రతి మెసేజ్ ముందు తేదీ, సమయం కూడా ఉంటాయి. కీప్‌ను కంప్యూటర్‌లో తెరిస్తే పని ఇంకా తేలిక. కావాల్సిన నోట్‌లన్నీ ఎంచుకుని, మూడు చుక్కల మెనూలో 'కాపీ టు గూగుల్ డాక్స్' నొక్కితే అన్నీ ఒకే డాక్యుమెంట్‌లోకి చేరతాయి. చేరాక ఆ నోట్‌లను డిలీట్ చేయకుండా ఆర్కైవ్ చేయండి. కీప్‌లో ఒక్కో నోట్‌కు సుమారు 20 వేల అక్షరాలే పరిమితి. ఊహలు దాచుకోవడానికి అది సరిపోతుంది, అధ్యాయాలకు చాలదు.

ఇక వర్డ్ ఫైల్. అధ్యాయం పేరును బోల్డ్ చేసి సైజు పెంచి ఉంటారు, చాలామంది చేసేది అదే. దాని బదులు పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్+ఆల్ట్+1 నొక్కండి. అది 'హెడింగ్ 1' అవుతుంది. అధ్యాయంలోని సన్నివేశాలకు ఒక్క ముక్కలో పేరు పెట్టి కంట్రోల్+ఆల్ట్+2 ఇవ్వండి. తర్వాత 'వ్యూ' ట్యాబ్‌లో 'నేవిగేషన్ పేన్' టిక్ చేస్తే ఎడమవైపు నవల అస్థిపంజరం మొత్తం కనిపిస్తుంది. అక్కడ ఒక పేరును పట్టుకుని పైకో కిందకో లాగితే, దాని కింద ఉన్న పేజీలన్నీ వెంటే కదులుతాయి. మూడో అధ్యాయాన్ని ఏడో చోటికి మార్చడానికి కట్, పేస్ట్ అక్కర్లేదు. పేన్ ఖాళీగా కనిపిస్తే హెడింగ్ స్టైల్ పడలేదని అర్థం. స్టైల్‌లో సైజు మార్చినా తెలుగు అక్షరాలు మారకపోతే కంట్రోల్+డి నొక్కి, ఆ బాక్సులో 'కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' దగ్గర ఉన్న ఫాంటు, సైజు మార్చండి. తెలుగును వర్డ్ ఆ ఖాతాలో లెక్కేస్తుంది.

ఇవి కాక మరో రెండు ఫైళ్లు ఉండాలి. మొదటిది 'తీసేసినవి'. కొట్టేసిన ప్రతి పేరానూ తేదీ వేసి అందులో పడేయండి. పోదన్న ధీమా ఉంటే కత్తిరించడానికి చెయ్యి వెనకాడదు. రెండోది పాత్రల పట్టిక. వయసు, పుట్టిన సంవత్సరం, ఏ ఊరి యాస అనేవి అందరూ రాసుకుంటారు. తెలుగు నవలకు అంతకంటే ముఖ్యమైన గడి ఒకటుంది: ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు? అడ్డంగా పాత్రల పేర్లు, నిలువుగా మళ్లీ అవే పేర్లు రాసి, గడుల్లో 'బావ–నువ్వు', 'వదిన–మీరు', 'మాస్టారు–మీరు' అని నింపండి. నాలుగో అధ్యాయంలో 'మీరు' అన్న కోడలు పన్నెండో అధ్యాయంలో 'నువ్వు' అంటే పాఠకులు ఇట్టే పట్టేస్తారు. ఏ స్పెల్ చెకర్‌కూ ఆ తప్పు దొరకదు.

వెతికినా దొరకడం లేదన్నారు. అందులో మన భాష వాటా కూడా ఉంది. 'ఇల్లు' అని వెతికితే 'ఇంట్లో' రాదు, 'ఇళ్లు' రాదు. 'ఊరు' అని కొడితే 'ఊళ్లో' తగలదు. విభక్తో బహువచనమో చేరగానే మాట రూపే మారిపోతుంది మరి. అందుకే గంపలో వేసే ప్రతి ముక్క చివర 'సూచిక:' అని రాసి, రెండు మూడు మాటలు ఎప్పుడూ ఒకే రూపంలో పెట్టండి. 'సూచిక: ఇల్లు, అమ్మమ్మ, వరద' అన్నట్టు. ఇంకో దొంగ కూడా ఉంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు విడిగా కనబడేందుకు కొన్ని కీబోర్డులు కంటికి కనబడని గుర్తును చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఒక రకంగా టైపు చేసినది ఇంకో రకంగా వెతికితే దొరక్కపోవచ్చు. అలాంటి మాటను సగానికి ఆపి, 'సాఫ్ట్' వరకే వెతికి చూడండి.

నవలలాంటి పెద్ద రచనలకు వాడే స్క్రివెనర్ సాఫ్ట్‌వేర్ కొనమంటారా?
– బెంగళూరు

విండోస్ లేదా మ్యాక్ ముందు కూర్చునే రాస్తారా, రాసేది నవల అంత పెద్దదా? రెండిటికీ అవునంటే కొనొచ్చు. ఆండ్రాయిడ్ యాప్ లేదు. అంటే మనలో ఎక్కువమందికి ఫోన్‌లో పని జరగదు. ట్రయల్ 30 రోజులని పేరే గానీ తెరిచిన రోజుల్నే లెక్కిస్తుంది. వారానికి రెండు రోజులు వాడితే మూడు నెలలకు పైగా వస్తుంది. కాబట్టి ఒక కథ పూర్తిచేసి చూసి నిర్ణయించుకోండి. ఒక జాగ్రత్త: స్క్రివెనర్ ప్రాజెక్టు ఒక ఫైల్ కాదు, వందల చిన్న ఫైళ్లున్న ఫోల్డర్. క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టి, సింక్ పూర్తికాకముందే ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే కొన్ని ముక్కలు పాతవి, కొన్ని కొత్తవి అయి కలగాపులగమవుతుంది. ఒకచోట మూసి, సింక్ అయ్యిందని చూసుకున్నాకే రెండోచోట తెరవండి.

నా పాత కథలన్నీ అను ఫాంట్లలో, పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. కంప్యూటర్‌లో వెతికితే ఒక్క మాటా దొరకదు.
– విజయవాడ

దొరకదు, ఎందుకంటే ఆ ఫైళ్లలో తెలుగు లేదు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లే. అను ఫాంట్ వాటి మీద తెలుగు బొమ్మలు తొడుగుతుంది, అంతే. ఫాంట్ మార్చి చూడండి, పిచ్చిరాతలు కనిపిస్తాయి. వాటిని ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడ్‌లోకి మారిస్తేనే సెర్చ్ పనిచేస్తుంది.

పేజ్‌మేకర్ తెరుచుకునే పాత కంప్యూటర్ బతికుండగానే ఈ పని ముగించండి. కథ మీద కర్సర్ పెట్టి కంట్రోల్+ఇ నొక్కితే 'స్టోరీ ఎడిటర్' వస్తుంది. అందులోంచి మొత్తం కాపీ చేసి అను–యూనికోడ్ కన్వర్టర్‌లో వేయండి. కన్వర్టర్ వెర్షన్ అడిగితే మీరు వాడిన అను వెర్షన్నే ఎంచుకోండి, లేకపోతే ఒత్తులు తారుమారవుతాయి. ముందు ఒక్క పేజీతో సరిచూసుకోండి. మధ్యలో ఇంగ్లిష్ మాటలుంటే కన్వర్టర్ వాటిని కూడా తెలుగు అనుకుని మార్చేస్తుంది. వాటిని, కొటేషన్ గుర్తులను, అంకెలను, అరుదైన సంయుక్తాక్షరాలను అసలు ప్రింటుతో పోల్చి దిద్దుకోవాలి.

పీడీఎఫ్ మాత్రమే మిగిలితే? దాన్నుంచి కాపీ చేసినా అవే కోడ్‌లు వస్తాయి. పేజీలను జేపెగ్ బొమ్మలుగా మార్చి, ఒక్కోటి 2 ఎంబీ దాటకుండా చూసి, గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, రైట్ క్లిక్‌తో 'ఓపెన్ విత్ – గూగుల్ డాక్స్' ఇవ్వండి. బొమ్మ కింద తెలుగు అక్షరాలు టెక్స్ట్‌గా వస్తాయి. అచ్చు బాగుంటే దిద్దుబాట్లు తక్కువే పడతాయి.

చేతిరాత నోటుబుక్‌లు 20 దాకా ఉన్నాయి. స్కాన్ చేస్తే టెక్స్ట్ అవుతుందా?
– అనంతపురం

తెలుగు చేతిరాత మీద నమ్మకం పెట్టుకోవద్దు. ముందు ప్రతి పేజీ మూలన పెన్సిల్‌తో పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్య వేసి (7–23 అన్నట్టు) ఫొటోలు తీసి దాచండి. తర్వాత కావాల్సిన పేజీలను చదివి వినిపించండి. క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, 'టూల్స్'లో 'వాయిస్ టైపింగ్' ఎంచుకుని, మైక్ పైనున్న జాబితాలో తెలుగు పెట్టండి. చుక్క, కామా చెబితే పడవు, తర్వాత వేసుకోవాల్సిందే. వేరే ట్యాబ్‌కి వెళ్తే మైక్ ఆగిపోతుంది. పాత్రల పేర్లు తప్పు పడినా ఫర్వాలేదు, కంట్రోల్+హెచ్‌తో ఒకేసారి మార్చేయొచ్చు.

ఎడిటర్ దిద్ది పంపిన ఫైల్ మీద నేను పాత ఫైల్ సేవ్ చేశాను. ఇలా కాకుండా ఎలా?
– హైదరాబాద్

'ఫైనల్' అన్న మాటను ఫైల్ పేరులోంచి తీసేయండి. 'కథ–2025-06-14–ఎడిటర్' అని తేదీని సంవత్సరంతో మొదలుపెట్టి రాస్తే, పేర్ల వరుసలోనే కాలం వరుస వచ్చేస్తుంది. వచ్చిన ఫైల్‌ను తెరవకముందే కాపీ తీసుకోండి. రెండు ఫైళ్లలో తేడా ఏమిటో తెలియకపోతే వర్డ్‌లో 'రివ్యూ – కంపేర్' ఉంది. ట్రాక్ చేంజెస్ (దిద్దుబాట్లను గుర్తు పెట్టే సదుపాయం) పెట్టకపోయినా మార్పులన్నీ మూడో డాక్యుమెంట్‌లో చూపిస్తుంది. గూగుల్ డాక్స్‌లో అయితే దిద్దుబాటుకు పంపే ముందు 'ఫైల్ – వెర్షన్ హిస్టరీ – నేమ్ కరెంట్ వెర్షన్' చేయండి. ఒక్కో డాక్యుమెంట్‌కు 40 పేర్ల వరకు ఇవ్వొచ్చు.

పాటలు రాస్తాను. ఫోన్‌లో కూనిరాగాలు 'రికార్డింగ్ 147' దాకా ఉన్నాయి. ఏది ఏ పాటదో తెలియదు.
– రాజమహేంద్రవరం

సినిమా షూటింగ్‌లో క్లాప్ కొట్టినట్టు, రికార్డు నొక్కగానే ముందు మాట్లాడండి: తేదీ, పాట సందర్భం, పల్లవో చరణమో. తర్వాత 'స' పట్టి, చిటికెలతో నడక చూపించి (మూడు దెబ్బల తిశ్రమో నాలుగు దెబ్బల చతురశ్రమో) అప్పుడు పాడండి. ఆరు నెలల తర్వాత ట్యూన్ గుర్తున్నా నడక గుర్తుండదు. పాడి ఆపిన నిమిషంలోనే పేరు మార్చండి. సాహిత్యం ఫైల్‌కూ అదే పేరు పెట్టి, ట్యూన్ కోసం అల్లిన డమ్మీ లిరిక్స్‌ను పైన ఉంచి అసలు మాటలను వాటి కింద రాయండి. మాత్రలు ఎక్కడ తప్పాయో కంటికే తెలుస్తుంది.

కూనిరాగానికి ఎం4ఏ చాలు, 128 కేబీపీఎస్‌లో నిమిషానికి దాదాపు 1 ఎంబీ. స్టీరియో వేవ్ ఫైల్ అయితే 10 ఎంబీ అవుతుంది. సంగీత దర్శకుడికి వాట్సాప్‌లో పంపేటప్పుడు 'డాక్యుమెంట్'గా అటాచ్ చేయండి. అప్పుడు ఫైల్ ఉన్నదున్నట్టు, మీరు పెట్టిన పేరుతోనే వెళ్తుంది.

నాన్నగారి కథలు, కవితలు అన్నీ ఆయన గూగుల్ డ్రైవ్‌లోనే ఉన్నాయి. ఆయనకు 78 ఏళ్లు. తర్వాత ఆ ఖాతా ఏమవుతుంది?
– డాలస్

రెండేళ్లు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించొచ్చు. 2023 డిసెంబర్ నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. ఆయన ఖాతాలోనే 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' తెరవండి. ఎన్నాళ్లు అలికిడి లేకపోతే కబురు పంపాలో (3, 6, 12 లేదా 18 నెలలు), ఎవరికి పంపాలో (10 మంది వరకు), ఏమేం ఇవ్వాలో అందులో పెట్టొచ్చు. దాని మీదే ఆధారపడకుండా 'గూగుల్ టేకౌట్'లో డ్రైవ్ ఒక్కటే టిక్ చేసి ఇప్పుడే ఒక కాపీ దించండి. గూగుల్ డాక్స్ వర్డ్ ఫైళ్లుగా వస్తాయి. ఒక కాపీ మీ దగ్గర, ఇంకోటి ఆయన ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. డ్రైవ్‌ను కంప్యూటర్‌తో సింక్ చేశాం కదా అని ఊరుకోవద్దు. ఒకచోట డిలీట్ అయితే రెండోచోటా పోతుంది, ట్రాష్‌లో ఉండేది 30 రోజులే. ఈ పనంతా ఆయన పక్కన కూర్చునే చేయండి, లేదా వీడియో కాల్‌లో. ఓటీపీ ఆయన నంబర్‌కే వస్తుంది.