నాన్నకు 46 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, నేను జీన్ టెస్ట్ చేయించుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీకు 30 ఏళ్లు, సొంతూరు ఒంగోలు. నాన్నగారికి 46 ఏళ్లకే గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. చిన్నాన్న 41 ఏళ్లకు నిద్రలోనే పోయారు. అమ్మానాన్నలది మేనరికం. మీ డాక్టరు “వంశపారంపర్యం, మనం చేసేదేం లేదు” అన్నారు. ఫోన్లో చూస్తే ఉమ్మి పంపితే చాలు, రాబోయే జబ్బులన్నీ చెప్తామనే కిట్లు. అది కొనాలా, అసలు పెద్దవాళ్ల మామూలు వైద్యంలో ఈ జీన్లు ఎందుకైనా పనికొస్తాయా అని.

నేను కావలిలో ప్రాక్టీసు చేసే జనరల్ ఫిజీషియన్‌ని, జెనెటిక్స్ స్పెషలిస్టుని కాను. నా ఓపీకి వచ్చేది షుగర్లు, బీపీలు, జ్వరాలు, నడుం నొప్పులు. ఆ ఓపీలోనే జీన్లు నాకు తరచూ పనికొస్తున్నాయి. కిట్ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ “చేసేదేం లేదు” అన్న మాట మనసులోంచి తీసేయండి. వంశంలో ఉందని ముందే తెలిసినవాళ్లకే ఎక్కువ చేయగలం.

ఒక కుటుంబం గురించి చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు కాస్త మార్చి. బిట్రగుంట వైపు నుంచి 34 ఏళ్ల లారీ డ్రైవరు ఒకతను ఎడమ మడమ నొప్పని వచ్చాడు. క్లచ్ తొక్కీ తొక్కీ వచ్చిందని అతని నమ్మకం. కాలు చేతిలోకి తీసుకుని చూస్తే మడమ వెనక నరం, మనవాళ్లు నరం అనేది నిజానికి స్నాయువు, రెండు కాళ్లకూ మామూలుకన్నా బాగా లావుగా, గడ్డలు గడ్డలుగా తగిలింది. పిడికిలి బిగించమన్నాను. వేళ్ల కణుపుల మీద గట్టి బుడిపెలు, వేలు కదిలితే అవీ కదులుతున్నాయి. అది కొలెస్ట్రాల్ పేరుకోవడం. రక్తం తీయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 268. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి, అంటే దాన్ని పెంచే వేరే కారణం లేదు.

“మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా?” అంటే “లేదు సార్, అందరూ బాగానే ఉండారు” అన్నాడు. దాదాపు అందరూ మొదట ఇదే చెప్తారు. ఆ ప్రశ్నను అక్కడితో వదిలేయకూడదు. ఒక్కొక్కరినీ పట్టుకుని అడగాలి: అమ్మ తరఫు తాత ఎప్పుడు పోయాడు, ఏమై పోయాడు, ఎన్నేళ్లప్పుడు? వెంట వచ్చిన అవ్వ బయట బెంచీ మీద కూర్చుని ఉంటే లోపలికి పిలిపించాను. ఆమె నోటి నుంచి మొత్తం బయటపడింది. ఆమె భర్త 44 ఏళ్లకు కళ్లంలో కుప్పకూలిపోయాడు, గాలి సోకిందన్నారు. కొడుకుకు, అంటే మా డ్రైవరు మేనమామకు, 39కే స్టెంట్లు పడ్డాయి. దాన్ని అందరూ సిగరెట్ల ఖాతాలో రాశారు. డ్రైవరు అక్కను ఆ మేనమామకే ఇచ్చారు.

ఈ జబ్బును ఫెమిలియల్ హైపర్‌కొలెస్టెరొలీమియా అంటారు. ఎక్కడో అరుదుగా వచ్చేది కాదు, సుమారు 250, 300 మందిలో ఒకరికి ఉంటుంది. లివరు రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాగేసుకోవడానికి వాడే గ్రాహకం పుట్టుకతోనే సరిగా పనిచేయదు, అందుకే కొలెస్ట్రాల్ పుట్టినప్పటి నుంచీ ఎక్కువే. ఎక్కువ మందిలో లోపం ఎల్‌డీఎల్‌ఆర్ అనే జీన్‌లో ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. మందు లేకుండా వదిలేస్తే మగవాళ్లలో దాదాపు సగం మందికి 50 ఏళ్లలోపే గుండెజబ్బు వస్తుంది. మందేమో ఊరూరా మెడికల్ షాపుల్లో దొరికే స్టాటిన్ బిళ్లే.

అక్క, మేనమామ ఇద్దరికీ లోపం ఉంటే వాళ్ల పిల్లల్లో నలుగురిలో ఒకరికి అది రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం ఉంది. అందుకే పిల్లల్ని తీసుకురమ్మన్నాను. తొమ్మిదేళ్ల పాప మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపుపచ్చని మచ్చలు. చర్మవ్యాధి అనుకుని ఆయింట్‌మెంట్లు రాస్తున్నారు. ఆ పాప ఎల్‌డీఎల్ 540. రెండింతలుగా వచ్చే ఈ రకంలో ఇరవై ఏళ్ల లోపే గుండెపోటు రావచ్చు. వెంటనే చెన్నై పంపాను, పాప ఇప్పుడు అక్కడి డాక్టర్ల చూపులో ఉంది. మడమ నొప్పితో ఒకతను వస్తే అక్కడి నుంచి ఒక పాప దాకా వెళ్లగలిగాం. నన్నడిగితే మామూలు వైద్యంలో జెనెటిక్స్ అంటే ఇదే.

ఇక జీన్ టెస్ట్. మొదట డ్రైవరుకే చేయించాం, ఎందుకంటే జబ్బు స్పష్టంగా కనిపిస్తున్న మనిషి అతనే. లోపం ఫలానా చోట ఉందని తేలాక మిగతావాళ్లలో ఆ ఒక్క చోట చూస్తే సరిపోతుంది, ఖర్చు బాగా తగ్గుతుంది. డ్రైవరు మందుల్లో ఆ రిపోర్టు వల్ల ఏ మార్పూ లేదు, స్టాటిన్ అప్పటికే మొదలుపెట్టేశాను. అది అక్కరకొచ్చింది అతని తమ్ముడికి. అతని ఎల్‌డీఎల్ 170 చిల్లర, అటూ ఇటూ కాని అంకె. అతనికీ లోపం ఉందని తేలింది కాబట్టి పాతికేళ్లకే మందు మొదలైంది. చేయించబోయే పరీక్ష ఎవరి వైద్యాన్నైనా మారుస్తుందా అని ముందు అడగండి. మార్చదనుకుంటే నేను డబ్బులు పెట్టించను.

మీ విషయానికొస్తే, అమ్మానాన్నలది మేనరికమన్నా, 30 ఏళ్లొచ్చినా మీకు ఏ ఇబ్బందీ లేదంటే ఆ రెండింతల రకం అయ్యే అవకాశం చాలా తక్కువ. ముందు మామూలు లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. ఎల్‌డీఎల్ 190 దాటితే ఈ జబ్బును గట్టిగా అనుమానించాలి. దాంతోపాటు లైపోప్రోటీన్ (ఏ) అని ఒక పరీక్ష ఉంది, అదీ గుండెజబ్బు ముప్పు పెంచే ఒక రకం కొలెస్ట్రాల్ కణమే, చాలావరకు పుట్టుకతో నిర్ణయమైపోయేది కాబట్టి జీవితంలో ఒక్కసారి చూసుకుంటే సాధారణంగా సరిపోతుంది. నాన్నగారి ఇప్పటి రిపోర్టు చూసి “నార్మలే కదా” అనుకోకండి, స్టెంట్ తర్వాత స్టాటిన్ వాడుతూ ఉంటారు. గుండెపోటుకు ముందు ఎప్పుడైనా తీయించిన పాత కాగితం వెతకండి, అసలు అంకె అందులోనే ఉంటుంది. చిన్నాన్నగారు నిద్రలో పోయారన్నారు కాబట్టి ఈసీజీ, ఎకో కూడా ఒకసారి తీయించాలి. అలాంటి మరణం గుండె కండరం జబ్బు వల్ల, గుండె లయ తప్పడం వల్ల కూడా కావచ్చు.

స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ గురించీ చాలామంది అడుగుతారు. అది ఒంట్లో పనిచేసే రూపంలోకి మారడానికి లివర్లో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ కావాలి. అది మందకొడిగా పనిచేసే రకం మన దేశంలో చాలామందికే ఉంది. 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిపై పెద్ద హెచ్చరికే పెట్టించింది. అలాగని స్టెంట్ ఉన్న అందరికీ ఈ పరీక్ష చేయరు. మందు సక్రమంగా వాడుతున్నా స్టెంట్ మళ్లీ మూసుకుపోతే అప్పుడు కార్డియాలజిస్టు ఆలోచిస్తారు, వేరే మందులున్నాయి. ఇది చదివి టెన్షన్ పడి బిళ్ల మానేయొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి.

మందుల విషయంలో మన ప్రాంతంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన జీన్ వేరే ఉంది. ఆపరేషన్‌కు ముందు గొట్టం వేయడానికి కండరాలు వదులయ్యేలా స్కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. మామూలుగా అయిదు పది నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది, రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లేనివాళ్లకు గంటల తరబడి ఊపిరి తీసే శక్తి రాదు. తరతరాలుగా తమలో తామే సంబంధాలు చేసుకోవడం వల్ల మన ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. దానికి కారణమైన జన్యు మార్పును 2006లో శాస్త్రవేత్తలు ప్రచురించారు కూడా. ఎవరి తప్పూ కాదు, ఒక్క రక్త పరీక్షతో తెలిసిపోతుంది, దీనికి జీన్ టెస్ట్ కూడా అక్కర్లేదు.

ఎరువులు, పురుగుమందుల షాపు ఆయన ఒకరు పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ కోసం నా దగ్గరికి వచ్చారు. ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా అంటే, చాలా ఏళ్ల కిందట ఆయన అక్కకు ఆపరేషన్ అయిపోయినా ఊపిరి అందక రాత్రంతా మిషన్ మీద పెట్టారని చెప్పారు. ఈయనకు పరీక్ష చేయిస్తే ఎంజైమ్ దాదాపు లేదు. మత్తు డాక్టరుకు ఫోన్ చేశాను, స్కోలిన్ బదులు వేరే మందు వాడారు, ఆపరేషన్ సాఫీగా అయిపోయింది. ఇంకో విషయం కూడా ఆయనకు చెప్పి కార్డు మీద రాసిచ్చాను. పురుగుమందు ఒంట్లోకి వెళ్లిందా అని చూడ్డానికి క్యాజువాలిటీలో కొలిచేది ఈ ఎంజైమ్‌నే. మిర్చి, పొగాకు పండే మన జిల్లాల్లో అలాంటి కేసులు మామూలే. షాపులో కళ్లు తిరిగి పడిపోతే, ఆ అంకె ఒక్కటే చూసి విషమనుకుని దాని విరుగుడు అట్రోపిన్ ఎక్కించే ప్రమాదం ఉంది. కంటిపాప, చొంగ, చెమట చూసి తేల్చుకోవాలి. ఆ కార్డు ఆయన పర్సులో ఎప్పుడూ ఉండాలి.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ రాసేముందు జీ6పీడీ అనే ఎంజైమ్ చూడాలి. అది లేనివాళ్లకు ఎర్రకణాలు పగిలి మూత్రం నల్లగా వస్తుంది. ఎక్కువగా మగవాళ్లలో, తల్లి వైపు నుంచి వస్తుంది కాబట్టి మేనమామల గురించి అడగాలి. సన్నగా ఉన్న కుర్రాడికి పాతికేళ్ల లోపే షుగరు, తండ్రికీ తాతకూ అదే వయసులో వచ్చిందంటే అది మోడీ అనే ఒకే జీన్ షుగరు కావచ్చు. వాటిలో కొన్ని రకాలకు ఇన్సులిన్ ఆపి చిన్న బిళ్లతో నడిపించవచ్చు. రొమ్ము క్యాన్సర్ చరిత్ర అడిగితే అందరూ అమ్మ వైపే చెప్తారు. ఆ క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ జీన్ లోపం తండ్రి నుంచీ అంతే వస్తుంది, మేనత్తలను మర్చిపోకండి.

కుటుంబ చరిత్ర రాస్తుంటే చాలామంది నా చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. “అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం డాక్టరుగారూ, కాగితం మీద పెట్టొద్దు” అని. ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకని పేర్లు లేకుండా ఆడవాళ్లకు గుండ్రాలు, మగవాళ్లకు చతురస్రాలు మాత్రమే గీసి ఆ కాగితం వాళ్ల చేతికే ఇచ్చేస్తాను. కానీ దాచిపెట్టడం వల్ల దెబ్బ తగిలేది ఆ అమ్మాయికే. ఎల్‌డీఎల్ ఎక్కువున్న అమ్మాయి గర్భం కోసం ప్రయత్నించే ముందే డాక్టరుతో మాట్లాడి స్టాటిన్ ఆపాలి, ఆ మాట చెప్పే మనిషి ఉండాలి కదా.

కిట్ కొనొద్దు. అలాంటి చాలా కిట్లు జీన్ మొత్తాన్ని చదవవు, ఎంచుకున్న కొన్ని చోట్లే చూస్తాయి. “ఏమీ లేదు” అని వస్తే మీరు లిపిడ్ టెస్ట్ కూడా మానేస్తారు, నా భయం అదే. “ఉంది” అని వచ్చినా దాని బరువెంతో చెప్పేవాళ్లుండరు. ఉదాహరణకు ఎంవైబీపీసీ3 అనే గుండె కండరం జీన్‌లో 25 అక్షరాలు ఊడిపోయే మార్పు ఒకటుంది. సుమారు వందమంది భారతీయుల్లో నలుగురికి అది ఉందని మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలతో కూడిన బృందం 2009లో తేల్చింది. దాని వల్ల గుండె బలహీనపడే ప్రమాదం పెరుగుతుంది, కానీ ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు. రిపోర్టులో ఆ పేరు కనిపించగానే రాత్రి నిద్రపట్టదు, ఎకో తీస్తే చాలామందికి బాగానే ఉంటుంది. పైగా కొన్ని మార్పులు మంచివో చెడ్డవో తేలనివిగా ఉంటాయి. మన జనం లెక్కలు ఇన్నాళ్లూ తక్కువగా ఉండటం దానికొక కారణం. జీనోమ్‌ఇండియా అనే జాతీయ ప్రాజెక్టు వాళ్లు పదివేల మంది జన్యుపటాలు చదివి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో పెట్టారు కాబట్టి ఇది మెల్లగా మెరుగుపడుతుంది.

మీ ఎల్‌డీఎల్ 190 దాటినా, నాన్నగారి పాత అంకె అలా ఉన్నా, ఇద్దరూ కలిసి హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగానికి గానీ వెల్లూరు సీఎంసీకి గానీ వెళ్లండి. శాంపిల్ ముందు నాన్నగారిది ఇవ్వాలి. టెస్టుకు ముందే కౌన్సెలింగ్ చేయించుకోండి, ఏ ఫలితం వస్తే ఏం చేస్తారో అప్పుడే అడిగేయండి. వెళ్లేటప్పుడు స్టెంట్ డిశ్చార్జి సమ్మరీ, పాత లిపిడ్ రిపోర్టులు, నాయనమ్మగారినో మేనత్తనో అడిగి రాసుకున్న మూడు తరాల వివరాలు పట్టుకెళ్లండి. చిన్నాన్నగారికి పిల్లలుంటే వాళ్లకూ ఈ వారంలోనే ఫోన్ చేసి లిపిడ్ టెస్ట్, ఈసీజీ చేయించుకోమనండి. మీ అంకెలు వచ్చాక ఇక్కడే రాస్తే చూసి చెప్తాను.