పలాస నుంచి పెంగ్విన్ల దాకా దారి ఉందా?

ప్రశ్న: సార్, మాది పలాస దగ్గర పల్లె. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేస్తున్నాను. మా పెద్దమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. మొదటి ఏడాది 93 శాతం వచ్చింది. నీట్ లాంగ్ టర్మ్ పెట్టిద్దామంటే వద్దంటోంది. పెంగ్విన్లు, మంచు, వాతావరణ మార్పుల మీద రీసెర్చ్ చేస్తానని, అంటార్కిటికా వెళ్తానని పట్టుబట్టింది. చుట్టాలు నవ్వుతున్నారు. నాకైతే టెన్షన్‌గా ఉంది. అసలు అలాంటి ఉద్యోగాలు మన దేశంలో ఉన్నాయా? ఆడపిల్లని అంతదూరం పంపొచ్చా? మా స్తోమతకు తగ్గదేనా? మా బావమరిది కొడుకు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి ఖాళీగా ఉన్నాడు. పనిలో పనిగా వాడికీ ఏదైనా దారి చెప్పండి.

జవాబు: నవ్వేవాళ్లను నవ్వనివ్వండి గానీ, ముందు మీ మొదటి ప్రశ్న సంగతి చూద్దాం. ఉన్నాయి. మన దేశం నుంచి తొలి అంటార్కిటికా యాత్ర 1981లోనే బయల్దేరింది. సముద్ర శాస్త్రవేత్త ఎస్.జెడ్. ఖాసిం దానికి నాయకుడు. అక్కడ కట్టిన మొదటి స్థావరం దక్షిణ గంగోత్రి మంచులో కూరుకుపోయింది. ఇప్పుడు పనిచేస్తున్నవి రెండు: 1989 నుంచి మైత్రి, 2012 నుంచి భారతి. ఉత్తర ధ్రువం వైపు, నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి హిమాద్రి అనే స్థావరం ఉంది. హిమాలయాల్లో స్పితి ప్రాంతంలో హిమాన్ష్ ఉంది. వీటి పనంతా గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం చూస్తుంది. అందరూ ఎన్‌సీపీఓఆర్ అంటారు. ఇది కేంద్ర భూవిజ్ఞాన శాఖ కింది సంస్థ. మీ అమ్మాయికి ఈ పేర్లన్నీ ఈపాటికే తెలిసుంటాయి. తెలియకపోతే ఈ రాత్రికే వాళ్ల వెబ్‌సైట్ చూడమనండి.

అయితే ఉద్యోగాలు ఉన్నాయన్నాను గానీ బోలెడున్నాయని అనలేదు. ఎన్‌సీపీఓఆర్ సైంటిస్ట్ పోస్టులు తక్కువ, వాటికి పోటీ పడేవాళ్లలో పీహెచ్‌డీ చేసినవాళ్లే ఎక్కువ. అందుకే మీ ఇద్దరికీ ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ‘ధ్రువ శాస్త్రవేత్త’ కావడానికి ప్రత్యేకమైన డిగ్రీ అంటూ ఏదీ అక్కర్లేదు. అక్కడికి వెళ్లేవాళ్లు ఒకరు జియాలజిస్టు, ఒకరు సూక్ష్మజీవుల మీద పనిచేసేవారు, ఒకరు భౌతికశాస్త్రం చదివినవారు, ఇంకొకరు డాక్టరు. ఎవరి సబ్జెక్టు వాళ్లు గట్టిగా నేర్చుకున్నాక, ఆ సబ్జెక్టుకు మంచులో పని పడితే వెళ్తారు. కాబట్టి అంటార్కిటికా ఎప్పటికీ దొరక్కపోయినా బతుకుతెరువు చూపే, విసుగు పుట్టని సబ్జెక్టును అమ్మాయి ముందు ఎంచుకోవాలి. క్లైమేట్ సైన్స్, పోలార్ స్టడీస్ అని రంగురంగుల బ్రోచర్లతో లక్షల ఫీజు అడిగే ప్రైవేటు డిగ్రీల జోలికి మాత్రం వెళ్లకండి. పీజీలో చేరేటప్పుడు డిగ్రీలో జువాలజీయా, కెమిస్ట్రీయా, జియాలజీయా అని అడుగుతారు తప్ప బ్రోచర్ చూసి ఎవరూ సీటివ్వరు.

ఇక బైపీసీ సంగతి. దీనివల్ల కొన్ని తలుపులు మూసుకుపోయాయి. వాతావరణం, సముద్ర ప్రవాహాలు, మంచుపలకల కదలిక లాంటివన్నీ లెక్కలు, ఫిజిక్సు మీద నడుస్తాయి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి మెటియరాలజీ, ఓషనోగ్రఫీల్లో మంచి పేరుంది గానీ, అక్కడ పీజీకి డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివినవాళ్లకే దారి. జీవశాస్త్రం వైపు మాత్రం తలుపులు బార్లా తెరిచున్నాయి. నిజానికి అమ్మాయికి ఇష్టమైన పెంగ్విన్లు ఉండేది కూడా అటే.

ఈ జీవశాస్త్రం గురించి కాస్త ఎక్కువే చెబుతాను. చాలామంది పెంగ్విన్లు, సీల్ అనే సముద్ర జంతువుల దగ్గరే ఆగిపోతారు. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో ఐస్‌ఫిష్ అనే చేపలున్నాయి. వాటి రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ ఉండదు, అందుకే అది ఎర్రగా ఉండదు. అంత చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది కాబట్టి ఆ చేపకు హిమోగ్లోబిన్ లేకపోయినా గడిచిపోతోంది. ఒళ్లు గడ్డకట్టకుండా కాపాడే ప్రత్యేక ప్రోటీన్లు అక్కడి చేపల్లో ఉంటాయి. క్రిల్ అనే చిన్న రొయ్యలాంటి జీవి మీద పెంగ్విన్లు, సీళ్లు, తిమింగలాలు అన్నీ ఆధారపడి బతుకుతాయి. రొయ్యల చెరువుల మధ్య పెరిగిన శ్రీకాకుళం పిల్లలకు దాని రూపం కొత్తగా అనిపించదు. ఇక సూక్ష్మజీవులకు వస్తే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో పనిచేసిన ఎస్. శివాజీ అంటార్కిటికా మట్టి, నీళ్ల నుంచి అంతకుముందు ఎవరికీ తెలియని బ్యాక్టీరియాలను ఎన్నిటినో వెలికితీసి వర్ణించారు. చలిలో కూడా పనిచేసే వాటి ఎంజైములు పరిశ్రమలకూ పనికొస్తాయి. ఇదంతా మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు చేయగల పనే. పెంగ్విన్లు, సీళ్ల లెక్కలు చూసేది డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా. అక్కడ వైల్డ్‌లైఫ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ ఉంది.

ఇంకో సంగతి. చక్రవర్తి పెంగ్విన్ల గుంపులు ఎక్కడెక్కడ ఉన్నాయో కనిపెట్టడానికి శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల్లో మంచు మీద గోధుమరంగు మరకలు వెతుకుతారు. అవి వాటి రెట్టలు! పక్షి కనబడదు, రెట్ట కనబడుతుంది. ఆ పని లాప్‌టాప్ ముందు కూర్చుని జరుగుతుంది. ధ్రువ పరిశోధనలో ఎక్కువ భాగం ఇలాంటిదే అని అమ్మాయికి ముందే తెలియాలి. వేసవి బృందంతో వెళ్లినవాళ్లు మంచులో ఉండేది కొన్ని నెలలే. తెచ్చిన నమూనాలు, లెక్కలతో ల్యాబ్‌లో కుస్తీ పట్టేది ఏళ్ల తరబడి. గణాంకశాస్త్రం, పైథాన్ లేదా ఆర్ ప్రోగ్రామింగ్ రాకపోతే జీవశాస్త్రవేత్త అయినా ముందుకు కదలడు. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్నదేమో కనుక్కోండి. అదే నిజమైతే ఆ భయం ఈ రెండేళ్లలో పోవాలి.

ఇక ఏం చదవాలన్నదానికి నా మొదటి ఓటు ఐసర్‌కి, అంటే సైన్స్ చదువు, పరిశోధనల కోసం కేంద్రం నడిపే సంస్థలకి. ఐసర్ ప్రవేశ పరీక్ష బైపీసీ వాళ్లు కూడా రాయొచ్చు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నాలుగింటి నుంచీ సమానంగా ప్రశ్నలుంటాయి. మ్యాథ్స్ చదవనివాళ్లకు ఆ భాగం కష్టమే, అయినా మిగతా మూడింటి బలంతో సీటు తెచ్చుకోవచ్చు. మీకు కలిసొచ్చే విషయం ఏమిటంటే ఐసర్లలో ఒకటి బరంపురంలోనే ఉంది. ఇచ్ఛాపురం దాటితే వచ్చేదే కదా, పిల్ల పండక్కి ఇంటికి రావాలన్నా, మీరు చూడ్డానికి వెళ్లాలన్నా రైలుకి ఎంతో సేపు పట్టదు. తిరుపతిలో ఇంకొకటి ఉంది. కోర్సు ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, మొదట్లో మ్యాథ్స్ కూడా చదివిస్తారు. నీట్ కోసం చదివిన బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఈ పరీక్షకు అలాగే పనికొస్తాయి కాబట్టి, ‘నీట్ మానేసింది’ అని దిగులు పడక్కర్లేదు. రెండూ రాయించండి. లాంగ్ టర్మ్‌కి మాత్రం, ఇష్టం లేని పిల్లని పంపి లక్ష ఖర్చుపెట్టడం నాకు నచ్చదు.

సీటు రాకపోతే? దగ్గర్లోని మంచి ప్రభుత్వ కాలేజీలో జువాలజీ, మైక్రోబయాలజీ లేదా కెమిస్ట్రీ మేజర్‌గా బీఎస్సీ చాలు. లేదంటే ఫిషరీస్ డిగ్రీ బీఎఫ్‌ఎస్సీ ఉంది. సముద్రపు చేపల మీద చదువు, పైగా మత్స్యశాఖ ఉద్యోగాలకూ, ఆక్వా కంపెనీలకూ దారి. మన తీరంలో ఈ డిగ్రీకి విలువ ఎప్పటికీ ఉంటుంది. అమ్మాయి దీన్ని చిన్నచూపు చూస్తే ఒప్పుకోవద్దు. సముద్ర జీవశాస్త్రం వైపు వెళ్లడానికి ఇది కూడా సరైన మెట్టే.

జియాలజీ గురించి కూడా ఒకసారి ఆలోచించమనండి. మందస నుంచి విజయనగరం దాకా మీకు కనబడే తూర్పు కనుమల రాళ్లకు, తూర్పు అంటార్కిటికా రాళ్లకు చాలా దగ్గర చుట్టరికం. ఇండియా, అంటార్కిటికా గోండ్వానా అనే ఒకే మహాఖండంలో పక్కపక్కన ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోవడం మొదలైంది. భారతి స్థావరం ఉన్న లార్స్‌మన్ కొండల్లో మన జియాలజిస్టులకు ఆసక్తి ఉండటానికి ఇదొక కారణం. జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు ఫరీదాబాద్‌లో ధ్రువ అధ్యయనాలకని ప్రత్యేక విభాగమే ఉంది. అందులో జియాలజిస్టు కావాలంటే పీజీ తర్వాత యూపీఎస్సీ నిర్వహించే జియో-సైంటిస్ట్ పరీక్ష రాయాలి. గ్రూప్-ఏ ఉద్యోగం, మూల వేతనం 56,100 నుంచి మొదలు. నా లెక్కలో ధ్రువాల కలకూ, ఇంటి భద్రతకూ రెండింటికీ సరిపోయే ఉద్యోగం ఇదే. బైపీసీ వాళ్లు డిగ్రీలో జియాలజీ ఉండేలా చూసుకుని ఇటు రావొచ్చు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్షలో జియాలజీ పేపరు ఉంది. డిగ్రీలో ఏయే సబ్జెక్టులు ఉండాలన్నది ఒక్కో ఐఐటీలో ఒక్కో తీరు కాబట్టి చేరకముందే చూసుకోవాలి. అక్కడ గనులు తవ్వుతారేమో అనుకునేరు. 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం అంటార్కిటికాలో గనుల తవ్వకం నిషేధం. పరిశోధనకే పరిమితం.

ఆడపిల్ల అన్నారు. అదితి పంత్, సుదీప్త సేన్‌గుప్తా 1983-84 యాత్రలోనే అంటార్కిటికా వెళ్లొచ్చారు. ఒకరు సముద్ర శాస్త్రం, ఒకరు జియాలజీ. ఇస్రోకు భారతిలో ఉపగ్రహాల సమాచారం అందుకునే కేంద్రం ఉంది. దాని పని మీద మంగళా మణి అనే ఇస్రో శాస్త్రవేత్త 2016-17లో 403 రోజులు అక్కడే ఉన్నారు. అప్పటికి ఆమె వయసు యాభై దాటింది. పంపేముందు వైద్య పరీక్షలు గట్టిగా ఉంటాయి, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచులో మెలగడానికి శిక్షణ ఇస్తారు. హిమాద్రి వైపు వెళ్తే ధ్రువపు ఎలుగుబంట్ల భయం ఉంది కాబట్టి, స్థావరం ఉన్న ఊరు దాటేటప్పుడు తుపాకీ పట్టుకోవాలి, దానికీ శిక్షణ ఉంటుంది. అన్నట్టు, ఎలుగుబంట్లు ఉత్తరాన, పెంగ్విన్లు దక్షిణాన. రెండూ ఒకచోట ఉండేది కార్టూన్లలోనే. ఇంకో విషయం, ఈ ప్రయాణం వచ్చేనాటికి మీ అమ్మాయి పాతికేళ్లు దాటి ఉంటుంది. ‘పంపాలా’ అని అప్పుడు మిమ్మల్ని ఎవరూ అడగరు కూడా!

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. ఇంటర్ తర్వాత ఐదేళ్లు మీరు మోయాలి. ప్రభుత్వ కాలేజీ అయితే, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తే, భారం తక్కువ. సైన్స్ చదివే ప్రతిభావంతులకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేలు. ఆ ఏడాది నోటిఫికేషన్ చూసి అప్లై చేయాలి. పీజీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. అంటే పీహెచ్‌డీకి మీ జేబులోంచి రూపాయి తీయక్కర్లేదు. కానీ స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి అమ్మాయి వయసు ఇరవై ఎనిమిది, ముప్పై కూడా కావొచ్చు. తమ్ముడో చెల్లెలో ఉండి, పెద్దమ్మాయి సంపాదన మీద ఇల్లు ఆధారపడేట్టయితే ఆ మాట ఇప్పుడే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. అలాంటి ఇంటికైతే నేను ముందు చెప్పిన ఫిషరీస్, జియాలజీ మార్గాలే మేలు.

ఈలోగా అమ్మాయి ఇంటి దగ్గర చేయగలిగిన పనులున్నాయి. బారువ లాంటి తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, అటవీ శాఖ వాళ్లు హ్యాచరీలు నడుపుతారు. పరీక్షలయ్యాక వాళ్లను అడిగి సాయం చేయమనండి. తేలినీలాపురం పక్షుల కేంద్రానికి నోట్‌బుక్ పట్టుకుని వెళ్లమనండి. అక్కడికొచ్చే గూడబాతులు సైబీరియా నుంచి వస్తాయని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు గానీ, అవి దక్షిణాసియా పక్షులే. ఆ సంగతి తనంతట తాను పుస్తకాల్లో వెతికి తేల్చుకుంటే అదే తన మొదటి రీసెర్చ్. డిగ్రీలో చేరాక సైన్స్ అకాడమీలు ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అప్లై చేయాలి. రెండు నెలలు ఒక మంచి ల్యాబ్‌లో పనిచేస్తే ఈ జీవితం తనకు పడుతుందో లేదో తేలిపోతుంది.

చివరగా మీ బావమరిది కొడుకు. నవ్వకండి, మీ ఇంట్లో అంటార్కిటికా ముందు చూసేది అతనే కావచ్చు. స్థావరాలు నడవాలంటే జనరేటర్లు తిరగాలి, కరెంటు ఉండాలి, వంట కావాలి. అందుకని ఎన్‌సీపీఓఆర్ ఎలక్ట్రీషియన్లు, వాహన మెకానిక్‌లు, వెల్డర్లు, జనరేటర్ ఆపరేటర్లు, వంటవాళ్లు, నర్సులను కాంట్రాక్టు మీద తీసుకుంటుంది. శీతాకాలం కూడా అక్కడే ఉండేవాళ్లైతే ఏడాదికి పైగా ఇంటికి దూరం, మధ్యలో కొన్ని వారాలు సూర్యుడే కనబడడు. దీనికి ఐటీఐ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, చేతికి అనుభవం కావాలి. కాబట్టి ఖాళీగా కూర్చోకుండా విశాఖలో ఏదైనా ఫ్యాక్టరీలోనో, షిప్‌యార్డులోనో అప్రెంటిస్‌గా చేరి డీజిల్ జనరేటర్లు, ప్యానెల్ బోర్డుల పని నేర్చుకోమనండి. హిందీ మాట్లాడటం వస్తే ఇంకా మంచిది, అక్కడ బృందంలో దేశం నలుమూలలవాళ్లూ ఉంటారు. ఎన్‌సీపీఓఆర్ వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చూసే పని మాత్రం మీ అమ్మాయికి అప్పగించండి.